నాదోపాసనము, మనస్స్వాస్థ్యము: త్యాగరాజస్వామి చరిత్రము

సంగీతము సంపన్నుల వినోదమనియు, వివాహాది శుభకార్యములకు అలంకారమనియు తలచువారు మనలో పెక్కురు కలరు. అన్నపానములవలె అది మనస్సునకు నిత్యావసరమని యెంచువారు కొందరే. ఈ రెండవ పక్షమే సత్యమని చూపుటకు త్యాగరాజస్వామి జీవితమును మించిన నిదర్శనము మాకు గానరాదు.

కాకర్ల వంశజుడగు ఈ మహనీయుడు 1767వ సంవత్సరమున తిరువారూరునందు రామబ్రహ్మము, సీతమ్మ దంపతులకు జన్మించెను. ఆయన పూర్వులు తెలుగుసీమనుండి చోళదేశమునకు వలసపోయినవారు. కావేరీ తీరమందలి తిరువయ్యారు ఆయన నివాసమయ్యెను. శొంఠి వేంకటరమణయ్యగారి సన్నిధిని సంగీతవిద్య నభ్యసించి, యౌవనముననే విద్వాంసుల మెప్పు గాంచెను.

ఆయన జీవితము సుఖమయమైనది కాదు. ప్రథమ భార్య పార్వతి సంతానము లేకయే గతించెను. అగ్రజునితో పొత్తు కుదరలేదు. తంజావూరు ప్రభువు పిలుపు నంగీకరింపక ఉంఛవృత్తినే యవలంబించెను. అందులకు కినిసి అన్నగారు పూజావిగ్రహములను కావేరిలో విసరివేసెనని, వానిని మరల గాంచువరకు త్యాగయ్య తల్లడిల్లెనని పెద్దలు చెప్పుదురు.

ఇన్ని యిక్కట్ల నడుమ ఆ మనస్సు చెదరకుండుటకు కారణమేమి? ఆయన దుఃఖమును దాచుకొనలేదు. వియోగము, అలుక, నిందాస్తుతి, సందేహము, సంతోషము అన్నియు ఆయన కృతులయందు కలవు. ఇష్టదైవమగు రామునితోనే వాదులాడెను, వేడుకొనెను, మరల శాంతించెను. లోన కుములు వ్యథ రాగతాళబద్ధమై వెలికివచ్చినప్పుడు అది భరింపదగినదగును. నాదోపాసనమని పెద్దలు చెప్పినదాని లౌకికఫల మిదియే యని మా యభిప్రాయము.

ఆయన తీర్థయాత్ర చేయుచుండగా పుత్తూరులో నూతబడి మరణించిన వానిని బిలహరి రాగమున పాడి బ్రతికించెనని యొక కథ కలదు. గానము మృతులను లేపునని వాదించుటకు మే మీకథను స్మరించుట లేదు. రోగిని ముందుగా వైద్యునికే యప్పగింపవలెను. పాట మందునకు మారు కాదు, తోడు. ఆ తోడుయొక్క విలువను నేటి శాస్త్రజ్ఞులును గుర్తించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖ 2019లో, మూడువేలకు మించిన పరిశోధనలను సమీక్షించి, సంగీతాది కళలు రోగనివారణకును రోగోపశమనమునకును తోడ్పడునని ప్రకటించెను. శస్త్రచికిత్సకు ముందు కలుగు భీతిని సంగీతశ్రవణము తగ్గించుచున్నదని పరీక్షలు తెలుపుచున్నవి. పాడువానికి ఊపిరి దీర్ఘమై క్రమబద్ధమగుట యెవరికివారు పరీక్షించుకొనదగిన విషయము.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. త్యాగరాజస్వామి విద్వాంసులకు మాత్రమే కృతులు రచింపలేదు. ఘనరాగ పంచరత్నములు కూర్చిన ఆ చేతనే, సామాన్యులు గుమిగూడి పాడుకొనుటకు సులభమైన దివ్యనామ సంకీర్తనములను, ఉత్సవసంప్రదాయ కీర్తనములను కూర్చెను. పదుగురు కలసి పాడునప్పుడు ఒంటరితనము తొలగును. కంఠమాధుర్యము లేనివాడును గోష్ఠిలో నొకడగును. వినుట మేలు, పాడుట అంతకంటె మేలు అను భావము ఈ రచనలయందే గోచరించుచున్నది.

1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, ఎనుబదవయేట, సన్న్యాసము స్వీకరించిన పిదప ఆ మహనీయుడు పరమపదించెను. ఆయన వంశము దౌహిత్రునితో ముగిసినను శిష్యపరంపర నిలిచినది. శిథిలమగుచున్న సమాధికి బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొమ్మును వెచ్చించి మందిరము గట్టించిరి. ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచ్చట గాయకులు గొంతులు కలిపి పంచరత్నములను పాడుచున్నారు.

సంవత్సరమున కొకనాటి ఆరాధనతో మన ఋణము తీరదు. పెండ్లిపందిళ్లకు వేలకొలది రూపాయలు వ్యయపరచు గృహస్థులు తమ పిల్లలకు సంగీతము చెప్పించుటకు వెనుదీయుట న్యాయము కాదు. వివాహానంతరము ఆడుబిడ్డల వీణ మూలబడుటయు తగదు. మన భాషలో పుట్టిన యీ నిధిని పొరుగుసీమ భద్రపరచి మనకిచ్చినది. ప్రతిగృహమునను సాయంసమయమున కొంతసేపైనను పెద్దలు, పిన్నలు కూడి పాడుకొందురుగాక యని మేము కోరుచున్నాము. దానికి ఆస్తి యక్కరలేదు, త్యాగయ్యకు లేదుగదా!