సత్యమే విడుదల: గుర్రం జాషువాగారి జీవితం

అలిపిరి పాదాల మండపంలో భక్తులు స్వామివారి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేయడం మనందరం చూసేదే. మా హాస్టల్ పిల్లల్ని అటు తీసుకువెళ్ళినప్పుడల్లా మాకు గుర్రం జాషువాగారు గుర్తుకువస్తారు. పాదుకకు అంత మర్యాద ఉన్న దేశంలో చెప్పులు కుట్టే మనిషికి ఆ మర్యాద ఎందుకు లేదో బతికినంత కాలం అడిగిన కవి ఆయన. ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు ఆయననే ఎంచుకున్నాము. ఆయన గిరిజనులు కారు. అయినా మనకు అయినవారే. ఎలాగో చివర చెబుతాము.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న, నేటి పల్నాడు జిల్లా వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగలు. క్రైస్తవ కుటుంబం. దేవుని ముందు అందరూ ఒకటేనని ఇంట్లో విన్న పిల్లవాడికి బయట వేరే పాఠం ఎదురైంది. మతం ఏదైనా ఊరు మాత్రం ఆయనను అంటరానివాడిగానే చూసింది.

1910లో మేరీగారితో పెళ్ళయింది. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతానికి పనిచేశారు. ఆ ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్ళి, 1915-16లో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పాఠం చెప్పారు. 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. కాళిదాసు కావ్యాలు చదువుకునేంత సంస్కృతం కష్టపడి నేర్చుకున్నారు.

అవమానాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. ఇటు చర్చి పెద్దలేమో మతాన్ని కించపరిచే రాతలు రాస్తున్నాడని కుటుంబంతో సహా వెలివేశారు. గుడి వారు రానివ్వరు, చర్చి వారు ఉండనివ్వరు. ఇంకొకరైతే పేరు మార్చుకుని దూరంగా వెళ్ళిపోయేవారేమో. జాషువాగారు పేరు మార్చుకోలేదు, పుట్టుక దాచుకోలేదు, పద్యమూ మానలేదు.

1941లో గబ్బిలం కావ్యం వచ్చింది. చెప్పులు కుట్టి బతికే ఒక అరుంధతీ సుతుడు తన బాధను కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలో గబ్బిలానికి చోటుంది, మనిషికి లేదు. ఆ ఒక్క ఊహతో ఆయన ఊరందరికీ తెలిసిన నిజాన్ని ఊరందరి ముందు పెట్టారు.

తనను వెలివేసిన చర్చి మీద కోపంతో ఆయన క్రీస్తును వదులుకోలేదు. పెద్ద వయసులో క్రీస్తు చరిత్ర రాశారు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సత్యం తెలుసుకున్నవాడు బానిసగా ఉండడని క్రైస్తవ బోధ. ఆ విడుదలను జాషువాగారు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా తీసుకున్నారని మాకు అనిపిస్తుంది. కులానికీ మతానికీ కట్టుబడని విశ్వనరుణ్ణని చెప్పుకున్నారు. మహాకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జులై 24న కన్నుమూశారు.

ఇక మనతో చుట్టరికం. ఆయన కుమార్తె హేమలతగారు నాస్తికులైన గోరాగారి కుమారుడు లవణంగారిని పెళ్ళాడారు. ఆ దంపతులు బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో మన ఎరుకల కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, పోలీసుల ముందు హాజరు వేయించిన నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయినా, ముద్ర పోలేదు. ఆ ముద్రను తుడవడానికి జాషువాగారి బిడ్డ వచ్చింది.

ఇది రాస్తూ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ట్రైనింగ్ చదివే రోజుల్లో తోటివాళ్ళు కులం అడిగితే మేము మాట మార్చేవాళ్ళం. రెండేళ్ళూ ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతోనే గడిచింది. అందుకే ఆ మధ్య హాస్టల్‌కు కొత్తగా వచ్చిన ఏడో తరగతి పాప, బడిలో తనది వేరే కులమని చెప్పుకున్నట్టు తెలిసినప్పుడు కోప్పడలేకపోయాము. రాత్రి అన్నాలయ్యాక పిల్లలందరినీ కూర్చోబెట్టి జాషువాగారి కథ చెప్పాము. మా కథ కూడా చెప్పాము. ఆ పాప ఏమీ మాట్లాడలేదు.

మరుసటి ఏడు స్కాలర్‌షిప్ ఫారాలు నింపేటప్పుడు పెన్ను అడిగి తీసుకుంది. కులం అన్నచోట యానాది అని తనే గుండ్రంగా రాసింది. పక్కన కూర్చున్న పిల్ల చూస్తున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.