నాదోపాసకుడు అల్లావుద్దీన్ ఖాన్

విద్యను ఆర్జించుట యొకటి. విద్యకు పాత్రుడగుట వేరొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును దాటుటకు సరోద్ విద్వాంసులైన అల్లావుద్దీన్ ఖాన్ తమ యౌవనమంతయు ధారపోసిరి.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున, నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణబాడియా ప్రాంతమున, శివపురమను గ్రామమున ఆయన జన్మించిరి. తండ్రి సితార్ వాదకుడు. ఇంట వినిన తంత్రీనాదము బాలుని హృదయమును ఎంతగా ఆకర్షించెననగా, పాఠశాలను విడిచి, పిమ్మట ఇల్లే విడిచి, సంగీతమును వెదకుచు అతడు కలకత్తా చేరెను.

అచట గోపాలుడను గాయకుడు అతనిని శిష్యునిగా స్వీకరించెను. పండ్రెండేండ్లు స్వరసాధన చేయవలెనని నియమము. ఏడేండ్లు గడచునప్పటికి గురువు ప్లేగు వ్యాధిచే మరణించెను. శిష్యుడు గానమును విడిచి వాద్యములను ఆశ్రయించెను. స్వామి వివేకానందుల బంధువగు అమృతలాల్ దత్తు వద్ద పెక్కు వాద్యములను, గోవా దేశీయుడగు లోబో వద్ద పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్‌ను అభ్యసించెను.

ఇన్ని వాద్యములు నేర్చిన యువకునకు తన విద్యపై అభిమానము కలుగుట సహజమే. కాని ముక్తాగాఛా జమీందారు ఆస్థానమున అహమ్మదాలీ ఖాన్ సరోద్ వాదనము చెవిని పడినంతనే ఆ అభిమానము కరగిపోయెను. తాను నేర్చినది స్వల్పమని గ్రహించి, ఆ విద్వాంసునకు శుశ్రూష చేయుచు సరోద్ అభ్యసించెను.

పిమ్మట రాంపూరులో తాన్‌సేన్ దౌహిత్ర వంశీయుడగు వజీర్ ఖాన్‌ను ఆశ్రయించెను. శిష్యునిగా అంగీకరించియు ఆ గురువు చిరకాలము విద్య నొసగలేదు. అల్లావుద్దీన్ వాకిట వేచియుండెనే కాని వెనుదిరుగలేదు. తన కుమారుని మరణముచే హృదయము ద్రవించిన పిమ్మటనే వజీర్ ఖాన్ తన వంశవిద్యను ఆయనకు ధారాళముగా బోధించెనని ప్రతీతి.

అనంతరము ఆయన మైహర్ సంస్థానాధీశుడగు బ్రజనాథ సింగుకు ఆస్థాన విద్వాంసులైరి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అనేకులను పొట్టన పెట్టుకొనగా, దిక్కులేని బాలబాలికలను చేరదీసి, వారికి సంగీతము నేర్పి, మైహర్ వాద్యబృందమును స్థాపించిరి. తుపాకి గొట్టములను కోయించి, వానిని జలతరంగమువలె మ్రోగు వాద్యముగా మార్చిరి. ప్రాణములు తీయు సాధనము అనాథల చేతులలో స్వరములు పలికెను!

మహమ్మదీయులైన ఆయన నిత్యనమాజును విడువలేదు; మైహర్ కొండపై వెలసిన శారదాదేవిని తల్లిగా కొలుచుటయు మానలేదు. నాదమే ఆయనకు ఈ రెండు ఆరాధనలను కలిపిన సూత్రము.

విద్య కొరకు తాము పడిన యాతనను ఆయన శిష్యులకు వారసత్వముగా నీయలేదు. సాధనలో అతికఠినులు, బోధనలో మాత్రము దాచుకొనుట యెరుగరు. కుమారుడు అలీ అక్బర్, కుమార్తె అన్నపూర్ణాదేవి, రవిశంకర్, పన్నాలాల్ ఘోష్, నిఖిల్ బెనర్జీ మున్నగువారు ఆ ఉదారహృదయమున పండిన ఫలములు.

భారత ప్రభుత్వము 1958లో పద్మభూషణ్, 1971లో పద్మవిభూషణ్ బిరుదముల నొసగెను. 1972 సెప్టెంబరు 6న ఆయన మైహర్‌లో దివంగతులైరి.

మూసిన వాకిలి ముందు దీర్ఘకాలము నిలిచినవాడు, తన వంతు వచ్చినపుడు తానును తలుపు మూయవచ్చును. లేక దానిని పూర్తిగా తెరచి యుంచవచ్చును. అల్లావుద్దీన్ ఖాన్ రెండవ మార్గమును ఎన్నుకొనిరి. వారి సాధనకు పరమఫలము ఇదియే.