మన్నెపు గురి

పలివెల కొబ్బరితోటలు విడిచి, గౌతమి దాటి, ఉత్తరముగా సాగినచో మన్యపు కొండలు తగులును. 1897లో జన్మించిన అల్లూరి సీతారామరాజు, 1922 ఆగస్టు 22 మొదలు మూడు దినములలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 కార్బైను తుపాకులను, సుమారు 2,500 తూటాలను కైవసము చేసికొనెను. గొట్టపు పొడవును, గురిచూపు అద్దమును ఏరుకొను భాగ్యము ఆయనకు లేదు. పొట్టి గొట్టము పొదలలో సులువుగా తిరుగును. తూటా వేగము కొంత తగ్గును. కావున తుపాకికి తగిన చోటునే ఆయన ఎన్నుకొనవలసి వచ్చెను.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటుగాచిన దళపు గురికి స్కాట్ కవర్డ్, హైటర్ దొర లిరువురును కూలిరి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వరిచేల పోరులో నలుగురు అనుచరులు నేలకొరగిరి. 1924 మే 7న ఆయన కాల్చివేయబడెను. ఏరుకొనని తుపాకులతో రమారమి రెండేండ్లు ప్రభుత్వము నెదిరించుటకు ఆయనకు తోడైనది ఆ నేలయు, దాని నెరిగిన మన్యపు కన్నులును.