ఉప్పెన ఊడ్చిన ఊళ్లను మళ్లీ నిలిపిన మండలి వెంకట కృష్ణారావు

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను ఆనాడు ఆంధ్ర తీరాన్ని దాటింది. తుఫాను కేంద్రం చీరాల వైపు తీరం దాటినా, అసలు విపత్తు దానికి తూర్పున, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమ మీద పడింది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. అందుచేత కేంద్రానికి కుడి వైపున ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని నెట్టుకొస్తుంది. నిజాంపట్నం అఖాతపు వంపులో చిక్కుకున్న నీటికి వేరే దారి లేకపోయింది. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పునీరు లేచి, మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. సుమారు పది వేల మంది ప్రాణాలు కోల్పోయారు. లక్షల సంఖ్యలో పశువులు కొట్టుకుపోయాయి.

ఆ సీమను మళ్లీ మనుషులు బతికే చోటుగా నిలబెట్టిన ప్రయత్నంలో ముందుగా వినిపించే పేరు మండలి వెంకట కృష్ణారావు. తెలుగు భాషాభిమానిగా, ప్రపంచ తెలుగు మహాసభల సారథిగా ఆయనను ఎరిగినవారు ఎందరో ఉన్నారు. దివిసీమ మత్స్యకార పల్లెల్లో మాత్రం ఆయన జ్ఞాపకం ఉప్పెనతో ముడిపడి ఉంది.

పల్లెవారిపాలెం నుంచి పార్లమెంటుకు

వెంకట కృష్ణారావు 1926 ఆగస్టు 4న కృష్ణా జిల్లా పల్లెవారిపాలెంలో జన్మించారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం అంచు వరకు పరుచుకున్న లంక భూమే దివిసీమ. ఎగువన వరిచేలు, దిగువకు వెళ్లే కొద్దీ చౌడునేల, మడ అడవులు, ఉప్పుటేర్లు, ఏటిమొగల దగ్గర చేపలు పట్టుకుని బతికే పల్లెలు. ఒక ఊరి నుంచి మరో ఊరికి పడవ మీద ఏరు దాటితే గాని చేరలేని స్థితి అక్కడ సామాన్యం. ఆ నేల మీద పుట్టి పెరిగిన వ్యక్తికి సముద్రం ఇచ్చేదీ, తీసుకుపోయేదీ ఒకరు చెప్పవలసిన పని లేదు.

గాంధేయ భావాలతో ప్రజాజీవితంలోకి వచ్చిన ఆయన 1957లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1972లో అవనిగడ్డ నుంచి శాసనసభలో అడుగుపెట్టారు. జలగం వెంగళరావు మంత్రివర్గంలో విద్యాశాఖను నిర్వహించారు. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ఆ బాధ్యతను భుజాన వేసుకున్నది ఆయనే. మలేషియా, మారిషస్ మొదలైన దేశాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఆ సభలతో మాతృభూమికి మళ్లీ దగ్గరయ్యారు. దూరాన ఉన్నవారిని ఒకచోటికి చేర్చడంలో అప్పుడు గడించిన అనుభవం మూడేళ్లు తిరగకముందే మరో రూపంలో అక్కరకు వచ్చింది.

నీరు తీసిన తరువాత

ఉప్పెన వచ్చే నాటికి ఆయన వయసు 51 ఏళ్లు. నీరు వెనక్కి వెళ్లాక కనిపించిన దృశ్యం ఎంతటి గుండెనైనా కరిగించేది. పూరిళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. తాటిచెట్లు పట్టుకుని వేలాడినవారు, తేలుతున్న పైకప్పును ఆసరా చేసుకున్నవారు కొందరు బతికారు. నాగాయలంక ప్రాంతంలోని సొర్లగొంది వంటి పల్లెల్లో వందలాది మంది ఒక్క పూటలో పోయారు. శవాలను ఖననం చేయడానికి కూడా ఊళ్లో చాలినంత మంది మిగలలేదు. బావులూ, చెలమలూ ఉప్పునీటితో నిండిపోయి, చుట్టూ నీరు ఉండి కూడా గుక్కెడు మంచినీళ్లు కరవయ్యాయి.

హెచ్చరికలు అసలు లేవని కాదు. వాటిని అందుకుని కదలడానికి దారి, చేరి తలదాచుకోవడానికి గట్టి కప్పు లేకపోవడమే ఆ పల్లెల దురవస్థ. తీరంలో పక్కా కట్టడం కనిపించడమే అరుదు. పేదరికమే ఆనాడు ప్రాణనష్టాన్ని ఇంతలంతలు చేసిందనడం అతిశయోక్తి కాదు.

వెంకట కృష్ణారావు తన సీమ ప్రజల మధ్య నిలిచి, సహాయానికి వచ్చిన చేతులన్నింటినీ కలిపే పని చేపట్టారు. దేశం నలుమూలల నుంచి స్వచ్ఛంద సంస్థలను దివిసీమకు ఆహ్వానించారు. రామకృష్ణ మిషన్ సాధువులు వచ్చారు. క్రైస్తవ సేవాసంస్థలు వచ్చాయి. మదర్ థెరిసా స్వయంగా వచ్చి బాధితులను ఓదార్చారు. విజయవాడలోని నాస్తిక కేంద్రం కార్యకర్తలూ వచ్చారు. దేవుణ్ణి నమ్మేవారు, నమ్మనివారు ఒకే బురదలో దిగి పనిచేసిన సందర్భం అది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి సినీ ప్రముఖులు జోలె పట్టి ఊరూరా విరాళాలు సేకరించారు.

ఇల్లు ఒక్కటే చాలదు

విరాళాలు రావడం ఒక ఎత్తు, అవి నిజమైన అవసరానికి చేరడం మరొక ఎత్తు. రోడ్డు పక్క ఊరికి పది లారీల బట్టలు చేరవచ్చు, ఏరు దాటవలసిన పల్లెకు ఒక్క మూట కూడా అందకపోవచ్చు. భూమి పట్టా ఉన్న రైతుకు నష్టం లెక్క కట్టడం సులువు. ఇతరుల పడవ మీద కూలికి వెళ్లే మత్స్యకారుడికి, ఏటి ఒడ్డున గుడిసె వేసుకున్న యానాదికి పోయినదానికి కాగితం ఎక్కడుంటుంది? మారుమూల పల్లెల పునర్నిర్మాణంలో అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. ఆ లంకల దారులు, ఆ పల్లెల పేర్లు, ఆ మనుషుల బతుకుతెరువు తెలిసిన స్థానిక నాయకత్వం అవసరం అక్కడే తెలుస్తుంది. బయటి నుంచి వచ్చిన సంస్థలకు వెంకట కృష్ణారావు వంటి వ్యక్తి అండ ఎంత విలువైనదో దీనిని బట్టి ఊహించవచ్చు.

మత్స్యకార పల్లెను సముద్రానికి దూరంగా తరలిస్తే ప్రాణాలకు రక్షణ, కాని జీవనోపాధికి దెబ్బ. తెల్లవారుజామున పడవ దించవలసినవాడు నాలుగు మైళ్ల అవతల కాపురం ఉండలేడు. అందువల్ల ఊరు ఉన్నచోటికి దగ్గరలోనే కాస్త మెరక చూసి, కాంక్రీటు కప్పుతో చిన్న చిన్న పక్కా ఇళ్లు కట్టారు. తుఫాను వేళ ఊరంతా చేరగలిగే ఆశ్రయ భవనాలు తీరం పొడవునా లేచాయి. మామూలు రోజుల్లో అవే బడులుగా ఉపయోగపడ్డాయి. గాలి వేగాన్ని అడ్డుకునేందుకు సరుగుడు తోటలు పెంచారు.

ఇల్లు కట్టి చేతులు దులుపుకుంటే కుటుంబం నిలవదు. పడవ కావాలి, వల కావాలి. ఉప్పు ఎక్కిన పొలం మళ్లీ పండేదాకా కూలి పని కావాలి. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు నీడ, భర్తలు పోయిన స్త్రీలకు ఆదరువు కావాలి. తక్షణ సహాయంతో వచ్చిన కొన్ని సంస్థలు సంవత్సరాల తరబడి అక్కడే ఉండిపోవడానికి ఇదే కారణం. గాంధీజీ నిర్మాణ కార్యక్రమాలంటే మక్కువ గల వెంకట కృష్ణారావు అవనిగడ్డలో గాంధీక్షేత్రాన్ని నెలకొల్పారు.

ప్రజలు ఇచ్చిన తీర్పు

1978 ఎన్నికల్లో అవనిగడ్డ ఓటర్లు ఆయననే మళ్లీ ఎన్నుకున్నారు. 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రమంతటా కాంగ్రెస్ కోటలు కూలినా, దివిసీమ మాత్రం తన మనిషిని వదులుకోలేదు. ఉప్పెన బాధితుల కోసం జోలె పట్టిన రామారావు పార్టీనే ఎదురుగా నిలిచిన ఎన్నిక అది. ఆ ఫలితంలో పార్టీ లెక్కల కన్నా కష్టకాలపు జ్ఞాపకమే ఎక్కువ పనిచేసిందనుకోవచ్చు.

పునర్నిర్మాణానికి నిజమైన పరీక్ష 1990 మే నెలలో వచ్చింది. దాదాపు అంతే తీవ్రత గల తుఫాను మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందస్తు హెచ్చరికలు పల్లెలకు చేరాయి. లక్షలాది మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. అదీ చిన్న సంఖ్య కాదు. అయితే 1864లో బందరును ముంచిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని, 1977 ఉప్పెన సుమారు పది వేల మందిని పొట్టన పెట్టుకున్న తీరంలో ఆ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. సముద్రం మారలేదు, ఒడ్డున ఉన్న ఏర్పాట్లు మారాయి.

వెంకట కృష్ణారావు ఆ మార్పును కళ్లారా చూశారు. 1997 సెప్టెంబరులో, 71 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఉప్పెనకు ఇరవై ఏళ్లు నిండడానికి అప్పటికి రెండు నెలల వ్యవధి ఉంది. పులిగడ్డ, పెనుమూడి నడుమ కృష్ణపై నిర్మించిన వారధికి ఆయన పేరు పెట్టారు. ఏరు అడ్డమై ఎన్నో పల్లెలు ఒంటరిగా మిగిలిన సీమలో ఒక వంతెన ఆయన పేరు మోయడం సముచితమే. ఆయన కుమారుడు మండలి బుద్ధప్రసాద్ అదే అవనిగడ్డకు ప్రాతినిధ్యం వహించి, శాసనసభ ఉపసభాపతిగా పనిచేశారు.

నేటికీ నవంబరు 19 వస్తే దివిసీమలో స్మారక స్తూపాల వద్ద దీపాలు, పూలు కనిపిస్తాయి. అయితే నివాళి అక్కడితో ముగియకూడదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఆశ్రయ భవనం కట్టడం ఎంత ముఖ్యమో, దానిని మరమ్మతు చేయించుకుంటూ ఉండడం అంతే ముఖ్యం. మడ అడవిని నరికితే రేపటి ఉప్పెనకు దారి తీసినట్టే.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, రాయ్‌పుర్ చెంతనున్న బీర్‌గావ్ వంటి పారిశ్రామిక వాడల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఉప్పెన అన్న మాట కొత్తగా తోచవచ్చు. రాష్ట్రం దాటి వెళ్లిన తెలుగువారిని ఎన్నడూ పరాయివారిగా చూడని నాయకుడి కథగా దీనిని వారికి చెప్పవచ్చు. ఆయన ఒకవైపు తెలుగువారిని దేశదేశాల నుంచి పిలిచి ఒక వేదిక మీదికి చేర్చారు, మరోవైపు దేశమంతటి నుంచి సేవకులను పిలిచి ఏరు దాటించి, ఆఖరి పల్లె దాకా నడిపించారు.