9,401 పేర్ల అర్జీ: అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ జీవితం

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన పాత ఛాయాచిత్రాలలో మన పూర్వీకుల ముఖాలను మనలో అనేకులు వెదికే ఉంటారు. ఆ చిత్రాలలో అధికభాగం జ్ఞాపకార్థం తీయించుకొన్నవి కావు. అవి పాసు కోసం తీసినవి.

కోరంగి, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి మారిషస్ చేరిన మనవారు ఐదేండ్ల ఒప్పందం ముగించిన పిమ్మట కూడా స్వేచ్ఛగా తిరుగలేకపోయారు. 1867 నాటి చట్టం అటువంటి ‘పాత వలసదారు’ ప్రతి ఒక్కరూ ఛాయాచిత్రం అతికించిన పత్రాన్ని వెంట ఉంచుకోవాలని శాసించింది. నివాసం మారితే పోలీసులకు తెలపాలి. పత్రం చూపలేనివారిని దేశదిమ్మరులుగా ఎంచి నిర్బంధించేవారు. ఇంట మరచి వచ్చినా అదే గతి.

ఈ అన్యాయాన్ని ఎదిరించిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ కూలివాడు కాదు, భారతీయుడూ కాదు. 1837లో పారిస్ నగరంలో, జర్మన్ మూలాలు గల కుటుంబంలో ఆయన జన్మించారు. 1858లో మారిషస్ చేరి, ఇక్కడే వివాహమాడి, మామగారి నూవెల్ దెకూవెర్త్ తోట వ్యవహారాలు చూసుకొన్నారు. అంటే, ఆ చట్టం వల్ల లాభపడే వర్గంలోనే ఆయనకు స్థానం ఉండేది. మౌనంగా ఉంటే ఆయన్ను అడిగేవారు లేరు.

కాని తమ కష్టాలు చెప్పుకోవడానికి వచ్చిన కూలీల మాట ఆయన విన్నారు. వారి తరఫున అర్జీ సిద్ధం చేశారు. ఈ పనిలో రాజరత్నం మొదలియారు ఆయనకు తోడ్పడ్డారు. 1871 జూన్‌లో గవర్నర్ ఆర్థర్ గోర్డన్‌కు సమర్పించిన ఆ అర్జీలో 9,401 మంది పాత వలసదారుల పేర్లు ఉన్నాయి. అర్జీపై పేరు పెట్టినవాడు మరునాడు మళ్ళీ అదే పోలీసుల ఎదుట నిలబడవలసినవాడే. ఆ సంఖ్య వెనుకనున్న ధైర్యం ద ప్లెవిట్జ్ ధైర్యానికి తక్కువది కాదని మేము తలుస్తాము.

తోటల యజమానులు మండిపడ్డారు. పోర్ట్ లూయీ నగరంలో ఒక యజమాని ఆయనను కొట్టాడు. ఆయనను ద్వీపం నుండి వెళ్ళగొట్టాలని వందలాదిమంది గవర్నరును కోరారు. గోర్డన్ అంగీకరించలేదు. పైగా పోలీసుల ప్రవర్తనపై విచారణ జరిపించారు. 1872లో లండన్ ప్రభుత్వం పంపిన ఫ్రియర్, విలియంసన్ అనే ఇద్దరు కమిషనర్లు ద్వీపానికి వచ్చి, 1875లో తమ సుదీర్ఘ నివేదికను వెలువరించారు. దాని ఫలితంగా 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది.

ఆ చట్టంతో అన్నీ చక్కబడలేదు. ఒక్కరోజు పనికి రాకుంటే రెండురోజుల కూలి కోసే ఆచారం ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకం దాకా సాగింది. ద ప్లెవిట్జ్ అప్పటికి చాలాకాలం ముందే మారిషస్ విడిచి ఫిజీ వైపు వెళ్ళిపోయారు. 1893లో మొజాంబిక్‌లో కన్నుమూశారు. గ్రాండ్ బే ఊరిలోని ఒక ఉన్నత పాఠశాల నేడు ఆయన పేరును ధరిస్తున్నది.