ఊరూరి గ్రంథాలయాన్ని ఒక తాటిపైకి తెచ్చిన అయ్యంకి

తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో 1890 జూలై 24న జన్మించిన శ్రీ అయ్యంకి వెంకటరమణయ్య గారిని గ్రంథాలయ పితామహుడని పిలవడం రివాజు. ఆంధ్రదేశంలో తొలి గ్రంథాలయం ఆయన పెట్టింది కాదు. విశాఖపట్నంలో 1886లోనే ఒకటి వెలిసింది. రాజమండ్రిలో శ్రీ నాళం కృష్ణారావు గారు 1898లో వసురాయ గ్రంథాలయం స్థాపించేనాటికి వెంకటరమణయ్య గారు ఎనిమిదేళ్ల పిల్లవాడు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వచ్చింది. పుస్తకాలూ, బీరువాలూ, వాటిని కొనిచ్చిన దాతలూ అంతా ముందే ఉన్నారు. ఒక ఊరి గ్రంథాలయానికీ పక్క ఊరి గ్రంథాలయానికీ పొత్తు మాత్రం లేదు. ఆ పొత్తు కుదర్చడానికే ఆయన తన జీవితమంతా వెచ్చించారు.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన తర్వాత వందేమాతరం ఉద్యమం చదువుకున్న యువకులను పట్టి కుదిపింది. ఆ గాలి సోకినవారిలో అయ్యంకి ఒకరు. యువకుడిగా ఉండగానే బందరు నుంచి 'ఆంధ్రభారతి' అనే మాసపత్రిక నడిపారు. పత్రిక ఊళ్లకు వెళ్తుంది సరే, చదవడం రానివాడికి దానితో పనేమిటి? చదవడం వచ్చినా కొనలేనివాడి సంగతేమిటి? పత్రికాధిపతి గ్రంథాలయాలవైపు మళ్లడంలో వింత లేదు.

ఆ రోజుల్లో పల్లె గ్రంథాలయం అంటే ఏ బడిపంతులో, ఏ కరణమో, ఉత్సాహం గల నలుగురు కుర్రవాళ్లో చందాలు పోగుచేసి పెట్టినదే. పంతులుకి బదిలీ అయితే బీరువాకు తాళం పడేది. ఊళ్లో పార్టీలు లేస్తే గ్రంథాలయం ఒక పార్టీ సొత్తయిపోయేది. పుస్తకాలు చెదల పాలయ్యేవి. పట్నంలో ఏ కొత్త పుస్తకం వచ్చిందో, లెక్క ఎలా రాయాలో, పుస్తకం తీసుకుపోయినవాడి దగ్గర నుంచి దాన్ని ఎలా తిరిగి రాబట్టాలో చెప్పేవారు లేరు. పెట్టినవాడు పోతే గ్రంథాలయమూ పోవలసిందేనా అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టింది సంఘం.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో రామమోహన గ్రంథాలయం పక్షాన తొలి మహాసభ జరిగింది. సుమారు 60 గ్రంథాలయాల ప్రతినిధులు వచ్చారు. అధ్యక్షపీఠం అలంకరించినవారు శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు మందగించిన ఆ మహాకవి చదువరుల సభకు పెద్ద కావడం గమనించదగిన విషయం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే ఏర్పడింది. భారతదేశంలో గ్రంథాలయాల కోసం ఏర్పడిన మొదటి సంఘంగా దీన్నే లెక్కిస్తారు. నాళం కృష్ణారావు గారితో పాటు కార్యదర్శి బాధ్యత నెత్తికెత్తుకున్న అయ్యంకి వారికి అప్పటికి ఇరవై నాలుగో ఏడు ఇంకా నిండలేదు.

సంఘం పెట్టడం ఒక పూట పని. మరుసటి ఏడాది కూడా సభ్యులు మిగిలేటట్లు చూడడమే కష్టం. అయ్యంకి వారి తెలివి ఇక్కడే తెలుస్తుంది. చందా కట్టిన గ్రంథాలయానికి సంఘం నుంచి ఏదో ఒకటి ముట్టాలని ఆయన పట్టు. ఒకటి రెండేళ్లలోనే 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక మొదలైంది. ఏ ఊళ్లో ఏం జరుగుతున్నదో అందులో అచ్చయ్యేది. మారుమూల పల్లె కుర్రవాళ్లకు తమలాంటివాళ్లు మరో జిల్లాలో ఉన్నారని తెలియడం చిన్న విషయం కాదు. మహాసభలు ఒక్క బెజవాడలోనే పెట్టకుండా ఊరు మార్చి జరిపారు. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరుతో పల్లెల వెంట తిరిగి కొత్త గ్రంథాలయాలు పెట్టించారు, మూతపడినవి తెరిపించారు. 1920లో గ్రంథాలయం నడిపేవారికి బెజవాడలో శిక్షణ తరగతులు జరిగాయి. అందాకా పుస్తకాల బీరువా దగ్గర కూర్చునే మనిషికి చదువుతో పాటు పనివాడితనం కూడా కావాలని అనుకున్నవారు తక్కువ. దేశంలో డాక్టర్ రంగనాథన్ పేరు వినిపించకముందు మాట ఇది.

ఆంధ్రదేశంతో ఆయన తృప్తి పడలేదు. బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ మహారాజు ప్రభుత్వ ఖర్చుతో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు, పుస్తకాల పెట్టెలను పల్లెలకు పంపే ఏర్పాటు చేశారు. అక్కడ రాజు చేసిన పనిని ఇక్కడ జనం చందాలతో చేస్తున్నారు. ఈ రెండు అనుభవాలనూ ఒకచోట చేర్చాలన్న తలంపుతో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిపించారు. బరోడా గ్రంథాలయాల అధికారి కుదాల్కర్ అధ్యక్షత వహించారు. కలకత్తాలో భారత గ్రంథాలయ సంఘం పుట్టింది 1933లో. అంటే బెజవాడ వారు పద్నాలుగేళ్లు ముందున్నారన్నమాట. గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14తో మొదలవుతాయని అందరికీ తెలుసు. అది నెహ్రూ జయంతి అని మాత్రమే ఎరిగినవారికి మద్రాసు సభ సంగతి తెలియదు.

సంఘం పెరిగేకొద్దీ ఆలోచనలు కార్యదర్శి నుంచే రావలసిన అవసరం తప్పింది. 1935లో శ్రీ పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. పడవ సాగుతున్నంతసేపూ ప్రయాణికులకు పుస్తకాలూ పత్రికలూ చేతికందేవి. శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు సంఘానికి పెద్దదిక్కై వయోజన విద్యను గ్రంథాలయంతో ముడిపెట్టారు.

చివరి మలుపు చట్టం. చందాలతో ఎల్లకాలం నడవదని సంఘంవారికి అనుభవం నేర్పింది. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదులో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను, దానితో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పడ్డాయి. గ్రంథపాలకుడికి జీతం వచ్చింది. కోరుకున్నదే దక్కింది గాని, దానితో ఊరివాళ్ల చొరవ కొంత సడలిందన్న మాట కాదనలేనిది. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసిన గ్రంథాలయ పన్నును సంస్థకు జమ చేయడం లేదన్న ఫిర్యాదు కూడా దశాబ్దాల నుంచి ఉన్నదే. సొంత చందాతో నడిచిన రోజుల్లో డబ్బు ఏమైందని ఊరివాడే నిలదీసేవాడు.

1972లో భారత ప్రభుత్వం అయ్యంకి వారికి పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి సంఘానికి 58 ఏళ్లు. తొలి మహాసభలో పనిచేసినవారిలో చాలామంది వెళ్లిపోయారు. 1979 మార్చి 7న, 88 ఏళ్ల వయసులో, ఆయనా కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన 'గ్రంథాలయ సర్వస్వము' మధ్యలో ఆగినా మళ్లీ వెలువడింది.