వాస్తుశిల్పి కలెన్‌బాక్: మితజీవనము, మైత్రి

శ్రావకుని అణువ్రతములలో ఐదవది పరిగ్రహ పరిమాణము. గృహస్థునకు ఆస్తి ఉండరాదని దాని అర్థము కాదు. ఇంతకు మించి నాకు వలదని తనకు తానే గీత గీసికొనుట దాని అర్థము. లేనివానికంటె, చేతినిండ ఆర్జన ఉన్నవానికే ఈ వ్రతము కష్టము. జైన కుటుంబమున పుట్టని ఐరోపావాడొకడు, ధనము పుష్కలముగ వచ్చుచున్న కాలముననే, ఈ గీతను గీసికొని ఆనందముగ జీవించెను. ఆయన పేరు హెర్మన్ కలెన్‌బాక్.

ఆయన 1871వ సంవత్సరమున, నేటి లిథువేనియా దేశమునకు చెందిన ప్రాంతమున, యూదు కుటుంబమున జన్మించెను. జర్మనీలో వాస్తుశిల్పము నేర్చి, 1896లో దక్షిణాఫ్రికా చేరెను. బంగారు గనుల వలన జొహన్నెస్‌బర్గు నగరము నానాటికి పెరుగుచున్న రోజులవి. మేడలు కట్టించువారికి కొదువ లేదు. కలెన్‌బాక్ చేతికి పని వెంట పని వచ్చెను, ధనమును వచ్చెను. అప్పటికి అవివాహితుడైన ఆ యువకుడు ఇంటి అద్దె గాక తన ఒక్కని కొరకే నెలకు 1200 రూపాయలు వెచ్చించెడివాడు.

1903 ప్రాంతమున ఖాన్ అను మిత్రుని మూలమున ఆయనకు గాంధీజీతో పరిచయమయ్యెను. కలెన్‌బాక్ విలాసములు చూచి గాంధీజీ ఆశ్చర్యపడిరి. కాని ఆ మొదటి కలయికలోనే వారి సంభాషణ బుద్ధుని త్యాగము మీదికి మరలినది. పరిచయము స్నేహముగ, స్నేహము సహవాసముగ మారినది. 1907లో కలెన్‌బాక్ తాను కట్టించిన ఇంటిలో గాంధీజీతో కలిసి 1908, 1909 సంవత్సరములలో నివసించెను. ఆ ఇల్లు నేడు సత్యాగ్రహ గృహమను పేర జ్ఞాపకశాలగ ఉన్నది. కాలక్రమమున నెలకు 1200 రూపాయల ఖర్చు 120 రూపాయలకు దిగినది. లెక్కలు తెలిసిన వర్తకులకు ఈ అంకె విలువ వేరుగ చెప్పనక్కరలేదు. నష్టము వచ్చి తగ్గిన ఖర్చు కాదిది, కోరి తగ్గించుకొన్నది.

సత్యాగ్రహమున జైళ్లకు పోయినవారి కుటుంబములను పోషించుట ఆ రోజులలో పెద్ద చిక్కుగ ఉండెను. అందరును ఒకచోట చేరి, కష్టపడి, తక్కువలో బ్రతికిన గాని ఉద్యమము సాగదు. అప్పుడు కలెన్‌బాక్ జొహన్నెస్‌బర్గుకు 21 మైళ్ల దూరమున 1100 ఎకరముల తోటను కొని, 1910 మే 30వ తేదీన అద్దె లేకుండ సత్యాగ్రహుల వాడుకకు ఇచ్చెను. దానికి టాల్‌స్టాయ్ క్షేత్రమని పేరు పెట్టిరి. అందు గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తర హిందూస్థానమువారు కలిసి ఉండిరి. హిందువులు, ముసల్మానులు, పారశీకులు, క్రైస్తవులు ఒకే పంక్తిని భుజించిరి. మాంసము అలవాటున్నవారు సైతము తమంత తామే శాకాహారమునకు ఒప్పుకొనిరి. పొగాకునకు, మద్యమునకు అచట చోటు లేదు.

అక్కడ నౌకరులు లేరు. వంట, తోటపని, పాకీపని అంతయు నివాసులదే. గోధుమలు తిరుగలిపై విసరి, పులియబెట్టకుండ రొట్టెలు కాల్చెడివారు. వేయించిన వేరుసెనగపప్పు నూరి వెన్నవలె వాడెడివారు. అది బజారు వెన్నకంటె నాలుగింతలు చౌక. తోటలోని నారింజలతో మురబ్బా, వేయించిన గోధుమలతో కాఫీ తయారయ్యెడివి. సాయంకాల భోజనము ఐదున్నరకే ముగియును. రాత్రి భోజనము విడిచిన జైన గృహములకు ఈ వేళ క్రొత్త కాదు.

సంఘము పనిపై పోవువారికే రైలు ప్రయాణము, అదియును మూడవ తరగతిలో. సొంత పనికో సరదాకో నగరమునకు పోవువారు నడిచియే పోవలెను. తెల్లవారుజామున రెండు గంటలకు బయలుదేరి, రొట్టె మూట కట్టుకొని, ఆరేడు గంటలు నడిచెడివారు. ఆనేకల్ నుండి బెంగళూరు నగరమునకు ఎంత దూరమో ఇంచుమించు అంత దూరమది. నేడు అంత దూరము మోటారులో పోయినను అలసితిమనుకొందుము. వారు పిల్లలతో సహా ఆ నడకను వేడుకగ తలచిరి.

ఇట్టి బ్రతుకు కఠినమని తోచవచ్చును. కాని అందులో సంతోషమునకు కొరత లేదు. తోటలో వేయి వరకు పండ్లచెట్లు ఉండెను. నారింజ, ఆప్రికాటు, ప్లము పండ్లు కాలమున విరగ కాచెడివి. కలెన్‌బాక్ ట్రాపిస్టు సన్యాసుల మఠమునకు పోయి చెప్పులు కుట్టుట నేర్చి, తిరిగి వచ్చి గాంధీజీకి నేర్పెను. వడ్రంగము ఆయనకు ముందే తెలియును. పగలు పిల్లలతో తోటపని, రాత్రి భజన, తీరికవేళ మిత్రునితో ఆహారమును గురించి, ధర్మమును గురించి చర్చ. ధనముతో కొనలేని వినోదములివి.

పాల సంగతి ఇచ్చటనే వచ్చినది. పాలు ఇంద్రియములను రెచ్చగొట్టునని గాంధీజీకి మొట్టమొదట చెప్పినవారు శ్రీమద్ రాజచంద్రులు. 1867లో పుట్టి 1901లో పరమపదించిన ఆ జైన జ్ఞాని బొంబాయిలో వజ్రముల, ముత్యముల వర్తకుడు. ఆ మాట గాంధీజీ మనసున చాలకాలము నిలిచినది. తరువాత కలకత్తా నుండి వచ్చిన పుస్తకములలో, పాల కొరకు ఆవులను గేదెలను పెట్టు హింసను చదివి వారు చలించిరి. ఈ విషయమును మిత్రులిద్దరును పలుమార్లు చర్చించిరి. ఊరక మాటలాడుట దేనికి, మానివేయుదమని ముందుగ అన్నవాడు కలెన్‌బాక్. 1912లో టాల్‌స్టాయ్ క్షేత్రముననే ఇద్దరును పాలు విడిచిరి. కొలది కాలమునకే వండిన ఆహారమును విడిచి, పచ్చి వేరుసెనగలు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మకాయలు, ఆలివు నూనెతో జీవించిరి. అవియును చౌకగ దొరకునవే. పేదవానికంటె మించిన భోజనము తమకు కూడదని వారి నియమము.

జీవదయ విషయమున కలెన్‌బాక్‌కు ఇంకొక పాఠమును అచటనే కలిగినది. క్షేత్రమున పాములు మెండు. ఆయన పుస్తకములు తెప్పించి పాముల జాతులను గుర్తించుట నేర్చెను. ఒక పెద్ద త్రాచును పట్టి బోనులో ఉంచి తన చేతులతోనే మేపెను. పిల్లలకు భయము పోవలెనని ఆయన తలంపు. బోనులో ఉన్న ప్రాణికి మన స్నేహము తెలియునా యని గాంధీజీ మృదువుగ అడిగిరి. ఒకనాడు చూడగ బోను ఖాళీగ ఉండెను, పాము తన దారిని తాను పోయినది.

1913 సత్యాగ్రహ యాత్రలో కలెన్‌బాక్ మూడు నెలల శిక్ష పొంది వోల్క్స్‌రస్టు జైలుకు పోయెను. 1914 జులైలో గాంధీ దంపతులతో ఇంగ్లండునకు ఓడలో మూడవ తరగతిని పయనమయ్యెను. ఆయనకు విలువైన దుర్భిణులపై మక్కువ. ఆ మక్కువ తమ ఆదర్శమునకు తగునా యని ఓడలో ఇద్దరికిని దినదినము చర్చ. తుదకు ఆయన సమ్మతింపగ, ఏడు పౌనుల విలువగల దుర్భిణిని గాంధీజీ సముద్రమున విసరివైచిరి. తరువాత దానిని గూర్చి ఆయన విచారింపలేదు.

ఓడ చేరునప్పటికి మహాయుద్ధము ఆరంభమైనది. జర్మను పౌరుడగుటచే కలెన్‌బాక్‌కు హిందూదేశము వచ్చుటకు అనుమతి దొరకక, నిర్బంధ శిబిరమున ఉండవలసి వచ్చెను. యుద్ధానంతరము దక్షిణాఫ్రికా చేరి తన వృత్తిని సాగించెను. మిత్రులు మరల కలిసికొన్నది 23 సంవత్సరముల తరువాత, 1937లో, మన దేశమున. 1939లో ఆయన మరొకసారి వచ్చి వెళ్లెను. 1945 మార్చి 25వ తేదీన జొహన్నెస్‌బర్గున కన్నుమూసెను.

పాలు విడుచుట సులభము కాదని చెప్పుటకు గాంధీజీ జీవితమే సాక్ష్యము. 1918లో తీవ్ర వ్యాధికి గురియై, తుదకు కస్తూరిబా మాటపై వారు మేకపాలు త్రాగిరి. వ్రతము మాట నిలిచినను దాని ఆత్మ భంగమైనదను బాధ వారిని వదలలేదు. జైన గృహములలో పాలు, నెయ్యి లేని పండుగ అరుదు. పాడిపశువుల హింసను గూర్చి కలకత్తా పుస్తకములు వేసిన ప్రశ్న నేటికిని తీరలేదు. ప్రతి కుటుంబమును తన శక్తికొలది దానికి సమాధానము చెప్పుకొనవలసినదే. నెలకు 120 రూపాయలతో, వేరుసెనగలతో, ఒక మంచి మిత్రునితో సంతోషముగ బ్రతుకవచ్చునని కలెన్‌బాక్ తన కాలమున నిరూపించెను. ఆ నిరూపణకు ఆయన పెట్టిన పెట్టుబడి 1100 ఎకరముల తోట.